మిస్ రోచ్ బయటికెళ్లే తలుపు

ఫింటన్ హార్టిగన్ దుకాణం నిజానికి దుకాణం కాదు, ఒక పెద్దింటి నడవ. జార్జి రాజుల కాలంలో మా లిమరిక్‌లో డబ్బున్నవాళ్లు వరసగా, గోడకు గోడ ఆనించి కట్టుకున్న ఎర్ర ఇటుకల ఇళ్లలో అదొకటి. ఒకప్పుడు ఆ నడవలో అతిథులు టోపీలూ గొడుగులూ పనిమనిషి చేతికిచ్చి ఠీవిగా లోపలికి నడిచేవారు. ఇప్పుడక్కడ ఫింటన్ జోళ్లకు మడమలు కొడుతున్నాడు, అరిగిన అడుగులు మారుస్తున్నాడు, తాళంచెవులు కోస్తున్నాడు. ఇద్దరు లావుపాటి ఆడవాళ్లు ఒకేసారి లోపలికొస్తే ఒకరు వెనక్కి నడుచుకుంటూ వీధిలోకి పోవలసిందే. "దుకాణం కూడా మా ఆయనలాగే. పొడుగే గానీ వెడల్పు లేదు" అంటుంది అతని భార్య బ్రీడా, అతను వింటూ ఉండగానే.

ఆ ఇంటిని కట్టినవాళ్లకు అన్నిట్లోనూ ఓ లెక్క ఉండేది. కింది కిటికీలు మనిషికి రెండింతల ఎత్తు. పైకి పోయేకొద్దీ అవి కుదించుకుపోతూ, ఆఖరి అంతస్తులో చతురస్రంగా, చిన్నగా మిగులుతాయి. అక్కడ పడుకునేది పనివాళ్లు కాబట్టి వాళ్లకి వెలుగెందుకులే అనుకుని ఉంటారు. ఇప్పుడు ఆ లెక్కంతా తలకిందులైంది. నేలమాళిగలో గుర్రప్పందేల దుకాణం. ముందుగదిలో టెస్ నెవిల్ ఉన్ని అమ్ముతుంది. దానిపైన, ఒకప్పుడు పెద్దలు కూర్చుని పియానో వినే హాల్లో, పిల్లలకి డాన్సు క్లాసులు. వాళ్లు పైన దడదడలాడించినప్పుడల్లా టెస్ గది పైకప్పుకి అంటిన సున్నపు ద్రాక్షగుత్తుల్లోంచి ఒక్కో పండు రాలి ఆమె ఉన్నిబుట్టలో పడుతుంది. ఆమె వాటిని ఏరి ఒక సీసాలో దాచింది. ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ అతికిస్తానంటుంది. ఆ పైన ఎవరో లాయరు పాత కాగితాల కట్టలు. అన్నిటికంటే పైన, పనివాళ్ల గదుల్లో, మిస్ హనోరా రోచ్.

ఇల్లు మొత్తం ఒకప్పుడు రోచ్‌లదే. ఆవిడ తాతకి వెన్న వ్యాపారం. వెన్న కరిగినట్టే ఆస్తీ కరిగింది. ముందు నేలమాళిగ పోయింది, తర్వాత ముందుగది, తర్వాత హాలు. ఇల్లు కిందినుంచి అమ్ముడుపోతూ వచ్చింది, ఆవిడ పైకి ఎక్కుతూ వచ్చింది. "ఇంకొక్క అంతస్తు కట్టించి ఉంటే మా తాత నన్ను నేరుగా స్వర్గంలోనే దించేవాడు" అని ఆవిడే నవ్వేది. చివరికి ఇంటికప్పు కారడం మొదలైతే, ఆ మరమ్మతు కోసం మిగిలిన ఒక్క ఆస్తినీ అమ్మేసింది. ఆ ఆస్తే ముందు నడవ. కొన్నవాడు ఫింటన్.

ఫింటన్ అప్పటిదాకా ఊరవతల బూట్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అది మూతపడితే, తను రోజూ నిలబడి పనిచేసిన మిషన్నే తెచ్చుకున్నాడు. పొడవాటి ఇనుపదిమ్మ అది. దానికి అరగదీసే రాళ్లు, బ్రష్షులు, తోలుపట్టీలు. నడవ చివర, మెట్లు మొదలయ్యే చోట అడ్డంగా చెక్కగోడ కట్టించి, ఆ గోడకి ఆనించి మిషన్‌ను నేలకి బోల్టులతో బిగించాడు. బిగించిన మెకానిక్ వెళ్తూ వెళ్తూ, "దీనికి నీకంటే వయసెక్కువ. ఒకసారి కదిపావంటే మళ్లీ తిరగదు, చెప్పానని మర్చిపోకు" అన్నాడు. ముందు కౌంటర్, మధ్యలో ఫింటన్, వెనక మిషన్. పైఅంతస్తుల వాళ్లందరికీ ఇక సందులోంచి, చెత్తడబ్బాల పక్కనుండి వెనక తలుపే దారి.

గొడవ అక్కడే మొదలైంది. మా ఊళ్లో ఏ తలుపునుంచి ఇంట్లోకొచ్చామో ఆ తలుపునుంచే బయటికి పోవాలి. ఇంకో తలుపునుంచి పోతే ఆ ఇంటి అదృష్టం, మన అదృష్టం రెండూ పోయినట్టే. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. పందెంలో చొక్కాతో సహా పోగొట్టుకున్నవాడు కూడా వచ్చిన దారినే పోతాడు. ఇక పోయేది ఏముందని అడిగితే, "ఎందుకొచ్చిన గొడవ" అంటాడు.

వడ్రంగులు చెక్కగోడ కట్టిన రోజు పొద్దున మిస్ రోచ్ చర్చిలో పూజకి వెళ్లి, ఎప్పటిలాగే ముందు తలుపునుంచి లోపలికొచ్చి, మెట్లెక్కి పైకి పోయింది. సాయంత్రానికి ముందు దారి మూసుకుపోయింది. మర్నాడు టోపీ, చేతితొడుగులు వేసుకుని వెనక గుమ్మం దాకా వచ్చి, ఒక కాలు ఎత్తి, అలాగే ఆగిపోయింది. కాసేపటికి ఆ కాలు దించి, వెనక్కి తిరిగి మెట్లెక్కింది. అంతే. మళ్లీ దిగలేదు.

సంగతి ఫింటన్‌కి తెలిసింది. పరుగున వెళ్లి బతిమాలాడు. "మిస్ రోచ్, టెస్ కిటికీనుంచి నిచ్చెన వేస్తాను, దిగుతారా?"

"నేను దొంగనా?"

"పోనీ మిషన్ విప్పించి, ఒక్కసారి మిమ్మల్ని బయటికి పంపేసి..."

"ఆ మెకానిక్ నీతో ఏమన్నాడో పైకి వినబడింది హార్టిగన్. ఈ ఇంట్లో చెక్కగోడలు కాగితాలతో సమానం. నీ బతుకు పాడుచేసి నేను షికారు పోవాలా? నాకు డెబ్భై దాటాయి. చూడాల్సిన ఊరు చూసేశాను. కానీ ఒక్కటి. నేను పోయిన రోజున నన్ను ముందు తలుపునుంచే తీసుకుపోవాలి. వెనకనుంచి లోపలికి బొగ్గు వచ్చేది, బయటికి బూడిద పోయేది. రోచ్‌లు ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు. మాటిస్తావా?"

ఆవిడ దగ్గుతూ ఉంది. ఎంతకాలంలే, అప్పటికి చూసుకుందాం అనుకుని చేతిలో చెయ్యేసి మాటిచ్చేశాడు. అలా అనుకున్నందుకు దేవుడు అతనికి తగిన శాస్తే చేశాడు. ఆవిడ పదేళ్లు దాటినా దగ్గుతూనే ఉంది.

ఆ పదేళ్లూ ఆ ముసలావిడ ప్రాణానికి కాపలా కాసినవాడు ఫింటనే. ఆవిడ పోతే మిషన్ పోతుంది, మిషన్ పోతే దుకాణం పోతుంది. అందుకని చలికాలంలో పైకి బొగ్గు మోశాడు, చేపనూనె సీసాలు తెచ్చాడు, పొద్దున్నే నడక శబ్దం వినబడేదాకా సుత్తి ముట్టుకునేవాడు కాదు. బ్రీడా మాంసం ఉల్లిగడ్డల సూపు వండితే, అతను గిన్నె పట్టుకుని ముందు తలుపునుంచి వీధిలోకి దిగి, వీధి చివరిదాకా పోయి, సందులోకి తిరిగి, వెనక తలుపునుంచి పైకెక్కేవాడు. మెట్లు మాత్రం అతని మిషన్ వెనకే, చెయ్యి చాచినంత దూరంలో ఉండేవి. సూపు పైకి చేరేసరికి చల్లారిపోయేది. "నీళ్లలా ఉంది" అనేదావిడ. "మీ ఆవిడకి ఉప్పంటే పడదా?"

మొదట్లో ఇదంతా భయంతోనే చేశాడు. తర్వాత్తర్వాత సూపు ఇచ్చాక ఓ అరగంట కూర్చోవడం అలవాటైంది. ఆవిడ కిటికీలోంచి వీధిలో ఎవరెవరు ఏం జోళ్లేసుకుని పోతున్నారో చెప్పేది, అతను వాటికి ఎప్పుడు మడమలు కొట్టాడో చెప్పేవాడు. ఊళ్లో సగంమంది రహస్యాలు వాళ్లిద్దరికీ తెలుసు. తన తల్లి పోయాక ఫింటన్ కూర్చుని ఏడ్చింది కూడా ఆ గదిలోనే. ఇంట్లో ఏడిస్తే బ్రీడా కంగారుపడుతుందని.

శవపేటికల క్రిస్టీ మొలోనీ మాత్రం అతన్ని మనశ్శాంతిగా ఉండనిచ్చేవాడు కాదు. ఊళ్లో ఎవరు పోయినా సాగనంపేది క్రిస్టీయే. నల్లజోళ్లు నిగనిగలాడకపోతే ఆ వృత్తికి మర్యాద దక్కదు గనక వారానికోసారి దుకాణానికి వచ్చేవాడు. పైనుంచి దగ్గు వినబడితే తలెత్తి చూసేవాడు.

"ఈసారి దగ్గు కాస్త లోతుగా ఉందిరోయ్ ఫింటన్."

"నోరు ముయ్యరా. సూపు పొలమారి ఉంటుంది."

"మెట్ల కింద, వెనక తలుపు దగ్గర మలుపు చూసొచ్చాను. పెట్టె తిరగదు బాబూ. నువ్వు మాటివ్వకపోయినా నీ మిషన్ కదపాల్సిందే."

"నువ్వు బతికున్నవాళ్ల మెట్లు చూసి రావడమేంట్రా?"

"మా నాన్న నేర్పిన పద్ధతి. ముందే చూసుకుంటే ఆ రోజున తడబడక్కర్లేదు."

ఓ మే నెలలో, పిల్లల మొదటి కమ్యూనియన్‌కి ముందురోజు, ఆ రోజు రానే వచ్చింది. కమ్యూనియన్ అంటే పిల్లలు చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే పండగ; మా ఊళ్లో ఆ రోజున ఏడెనిమిదేళ్ల ఆడపిల్లలందరూ పెళ్లికూతుళ్లలా తెల్లగా తయారవుతారు. అక్కవి, పిన్నివి, పక్కింటివాళ్లవి అడిగి తెచ్చుకున్న తెల్లజోళ్లన్నీ వారం ముందునుంచే ఫింటన్ దగ్గరికి వచ్చిపడతాయి. కౌంటర్ మీద, కింద, అరల్లో, తలుపు మీది అర్ధచంద్రపు అద్దాల కిటికీని కప్పేస్తూ కట్టిన అటక మీద, ఎక్కడ చూసినా చిట్టిచిట్టి తెల్లజోళ్లే. వీధిలో తల్లులు వరసకట్టి నిలబడ్డారు.

ఆ పొద్దున పైనుంచి నడక శబ్దం వినబడలేదు. ఫింటన్ సుత్తి పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత సుత్తి బ్రీడా చేతిలో పెట్టి, వీధి చుట్టూ పరుగెత్తి, వెనకనుంచి పైకెక్కాడు. మిస్ రోచ్ మంచంమీద ఉంది. మొహం ఎర్రగా కాలిపోతోంది, ఊపిరి గురగురలాడుతోంది. డాక్టర్ షీడీని తీసుకొచ్చాడు. ఆయన గొట్టం పెట్టి విని, "నిమోనియా. ఆస్పత్రికి పోకపోతే ఆదివారం దాటదు" అన్నాడు.

"నేను రాను. దారి లేదు" అంది మిస్ రోచ్.

ఇద్దరు అంబులెన్సు మనుషులు వెనకనుంచి కుర్చీ మోసుకుంటూ పైకొచ్చారు. వాళ్ల వెనకాలే క్రిస్టీ మొలోనీ కూడా తేలాడు. "ఊరికే ఇటు పోతూ వచ్చా" అన్నాడు. ఆ మనిషి ఎప్పుడూ ఊరికే ఎటూ పోడు.

డాక్టర్ ఫింటన్‌ని గుమ్మం బయటికి పిలిచి గొంతు తగ్గించాడు. "నిద్రమందు ఇస్తాను. మత్తులో ఉండగా వెనకనుంచి దింపేద్దాం. ఆవిడకేం తెలీదు. మలుపు దగ్గర కుర్చీ కింది కొస నువ్వు పట్టుకో."

క్రిస్టీ ఫింటన్ చెవిదగ్గరికి వంగాడు. "ఆస్పత్రిలో ఏమైనా అయితే పెట్టె అక్కడినుంచే పోతుంది. నీ మాట తీరిపోయినట్టే. మిషన్ కదపక్కర్లేదు."

పదేళ్లుగా గుండెలమీద ఉన్న బరువు అలా దిగిపోతుందంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. ఫింటన్‌కీ ఉంది. అతను దేవుడేం కాదు, జోళ్లు బాగుచేసుకునే మనిషి. కింద కమ్యూనియన్ జోళ్లున్నాయి, తల్లులున్నారు, మిషన్ ఉంది. తలూపి, లోపలికెళ్లి, కుర్చీ కొస పట్టుకున్నాడు. సూది గుచ్చి కుర్చీలో కూర్చోబెట్టాక కాసేపటికి మిస్ రోచ్ కళ్లు సగం మూతపడ్డాయి. అతని చొక్కాచెయ్యి పట్టుకుంది.

"హార్టిగన్. ఏ తలుపు?"

"ముందు తలుపేనండి."

"నీ మాటేనా?"

"నా మాటే."

ఆవిడ నమ్మేసింది. చెయ్యి వదిలేసి నిద్రలోకి జారింది. కుర్చీ లాయరు కాగితాల అంతస్తు దాటింది, డాన్సు హాలు దాటింది. ఆ మెట్లన్నీ దిగుతున్నంతసేపూ ఫింటన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. పదేళ్లు సూపు తాగించి, ఇవాళ ముసలిదాని కళ్లలోకి చూస్తూ అబద్ధమాడాడు. మెట్లు అయిపోయాయి. ఎడమవైపు వెనక తలుపు తెరిచి ఉంది. ఎదురుగా తన చెక్కగోడ. ఫింటన్ కుర్చీని నేలమీద పెట్టేశాడు.

"కాసేపు ఆగండి" అన్నాడు.

"నీకు మతిపోయిందా?" అన్నాడు డాక్టర్.

అంబులెన్సు మనుషుల్లో పెద్దవాడు చమట తుడుచుకున్నాడు. "ఇంతకీ ఈవిడ లోపలికొచ్చింది ఏ తలుపునుంచి?"

"ముందునుంచి."

"ఆ ముక్క ముందే చెప్పొద్దా? వెనకనుంచి ఎలా తీసుకుపోతాం?" అని, కుర్చీకి దుప్పటి సర్ది, సిగరెట్ వెలిగించాడు.

ఫింటన్ చెక్కగోడని అరచేత్తో బాదాడు. "బ్రీడా! జోళ్లన్నీ బయట పెట్టు! కౌంటర్ తీసెయ్యి!"

గోడ అవతలనుంచి బ్రీడా గొంతు ఖంగున మోగింది. "నీ మొహం మండ! రేపు కమ్యూనియన్! ఇక్కడ అమ్మలు నన్ను పీక్కు తింటున్నారు!"

"మిస్ రోచ్ వస్తోందే! ముందునుంచి!"

బ్రీడా బతుకు కూడా ఆ మిషన్‌తోనే ముడిపడి ఉంది. ఆమె గొంతు తగ్గించి, "పోయిందా?" అంది.

"లేదే. బతికే ఉంది. బతికుండగానే."

"మరి అలా నిలబడతావేం? రెంచీ ఇక్కడే ఉంది, బోల్టులు నేను విప్పుతా. నువ్వు గోడ పీకు, సుత్తి అడుగునుంచి తోస్తా పట్టుకో."

తర్వాత జరిగింది వీధి వీధంతా చూసింది. తల్లులు జోళ్లు అందుకుని ముందు మెట్లమీద, పక్క ఇనుప ఊచల వెంబడి, పేవ్‌మెంట్ మీద జతలు జతలుగా పేర్చారు. కౌంటర్ బయటికొచ్చింది. అటక ఊడొచ్చింది. ఫింటన్ ఇటునుంచి చెక్కగోడ పీకాడు, అటునుంచి బ్రీడా బోల్టులు విప్పింది. తర్వాత అందరూ కలిసి మిషన్‌ని గోడవారకి తోశారు. తోస్తుంటే దాని కడుపులో ఎక్కడో ఠప్పుమంది. ఆ శబ్దం ఏమిటో ఫింటన్‌కి తెలుసు. అయినా తోస్తూనే ఉన్నాడు.

దారి తెరుచుకుంది. అప్పుడు అసలు చిక్కు వచ్చింది. అంబులెన్సు మనుషులు కదలరు. "మేం వెనకనుంచి వచ్చాం కదండీ. ముందునుంచి ఎలా పోతాం?" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడికి ఇంట్లో నెలల పసిపాప ఉందట. క్రిస్టీ కూడా వెనకనుంచి వచ్చినవాడే. డాక్టర్ షీడీ, "ఇది నిమోనియా! మూఢనమ్మకాలకి టైము లేదు!" అని అరిచి, తను మాత్రం బ్యాగు పట్టుకుని గబగబా వెనక తలుపునుంచి సందులోకి వెళ్లిపోయాడు.

మిగిలినవాళ్లెవరు? ముందునుంచి వచ్చినవాళ్లు. బ్రీడా, ఉన్ని దుకాణం టెస్, ఇద్దరు కమ్యూనియన్ తల్లులు. నలుగురూ చొక్కాచేతులు పైకి మడిచి కుర్చీ ఎత్తారు. ఫింటన్ ఆనందంతో వాళ్ల వెనకాలే రెండడుగులు వేసి, టక్కున ఆగిపోయాడు. తనూ వెనకనుంచి వచ్చినవాడే! తన దుకాణంలోంచి తనే బయటికి పోలేడు. వెనుదిరిగి, చెత్తడబ్బాలు తన్నుకుంటూ, సందుచుట్టూ పరుగెత్తాడు. అతని వెనకాల క్రిస్టీ, క్రిస్టీ వెనకాల ఖాళీ చేతులతో అంబులెన్సు మనుషులు. అప్పుడే ముందు వీధిలోకి వచ్చినవాళ్లు పోలీసులు తరుముతున్నారనుకున్నారు.

ఫింటన్ రొప్పుకుంటూ వచ్చేసరికి కుర్చీ ముందు గుమ్మం దాటుతోంది. ఎండ తగిలిందో, గాలి తగిలిందో, మిస్ రోచ్ కళ్లు తెరిచింది. మెట్లనిండా తెల్లజోళ్లు. కాసేపు వాటివంక చూసింది.

"ఇంతమంది పిల్లలు ఎవరింటికొచ్చారు?" అని అడిగింది. తర్వాత తల తడుముకుంది. "నా టోపీ ఏది? ముందు తలుపునుంచి ఒట్టి తలతో పోతానా?"

టెస్ తన తలమీది టోపీ తీసి ఆవిడకి పెట్టింది. అంబులెన్సు తలుపు మూశారు. వీధిలో చప్పట్లు ఎవరు మొదలెట్టారో తెలీదు గానీ, ఫింటన్ మాత్రం కొట్టలేకపోయాడు. మెట్లమీద జోళ్ల మధ్య కూలబడి మొహం దాచుకున్నాడు.

ఆ రోజంతా మెట్లమీదే కూర్చుని చేత్తోనే మడమలు కొట్టాడు. మర్నాడు పిల్లలందరూ జోళ్లతోనే చర్చికి వెళ్లారు. కొందరికి రెండు మడమలూ ఒకే ఎత్తున లేవు గానీ, ఆ ఏడు ఏ తల్లీ నోరెత్తలేదు. మిషన్ ఇరుసు విరిగింది. మెకానిక్ వచ్చి చూసి, మనిషి పోయిన ఇంట్లోలా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఫింటన్ కౌంటర్ మళ్లీ పెట్టలేదు. చెత్త ఊడ్చేసి, నేలమీది పాత లినోలియం పట్టా చుట్టి తీస్తే కింద నల్లవీ తెల్లవీ రాతిపలకలు కనబడ్డాయి. అటక పోయాక అర్ధచంద్రపు కిటికీలోంచి వెలుగు వచ్చి మెట్లదాకా పాకింది. ఇన్నేళ్లు దీపం వేసుకుని పనిచేసిన మనిషి ఆ నడవలో చేతులు వేలాడేసి నిలబడి, కప్పుకేసి చూస్తూ, "ఇదంతా ఇక్కడే ఉందా?" అన్నాడు. అద్దెకి ఇల్లు చూడ్డానికొచ్చినవాడిలా ఉన్నావని బ్రీడా దెప్పింది.

"ఆవిడ ఆస్పత్రినుంచి వస్తుంది" అన్నాడు. "ముందునుంచే వస్తుంది. మళ్లీ గోడ కడితే మళ్లీ జైల్లో పెట్టినట్టే. నేను కట్టను."

"మరి మనం ఏం తిందాం? వెలుగా?"

బ్రీడా ఓ వారం మొహం మాడ్చుకుంది. తర్వాత ఆమే వీధిలోంచి ఓ పాత బల్ల తెచ్చి ముందు మెట్ల పక్కన వేసింది. ఎండొస్తే అతను దానిమీద పనిచేసేవాడు, వానొస్తే మానేసేవాడు. లిమరిక్‌లో వాన రాని రోజు ఎప్పుడు?

జూన్ చివర మిస్ రోచ్ ఇంటికొచ్చే రోజు ముందు మెట్లు కడిగారు. టెస్ ఊచలకి ఎర్ర ఉన్ని చుట్టింది. డాన్సు పిల్లలు వరసగా నిలబడ్డారు. ఫింటన్ పెళ్లినాటి కోటు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పిన వేళ దాటింది. ఇంకా దాటింది. ఇంతలో అన్నిటికంటే పైన చిన్న కిటికీ అద్దం పైకి జరిగింది.

"హార్టిగన్! ఏమిటా గుంపు? ఎవరైనా పోయారా?"

ఫింటన్ నోరు తెరిచి పైకి చూశాడు. తర్వాత మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కాడు. మిస్ రోచ్ కుర్చీలో కూర్చుని, టెస్ ఇచ్చిన టోపీ తీస్తోంది. పక్కనే క్రిస్టీ మొలోనీ. శవపేటికలు మోసే తన పొడవాటి నల్లకారులో ఆవిడని తీసుకొచ్చాడట. "ముందు సీట్లోనే కూర్చోబెట్టా" అన్నాడు గొప్పగా.

"మీరు వెనకనుంచి వచ్చారా?" అన్నాడు ఫింటన్. "నేను అక్కడ కోటేసుకుని నిలబడ్డానండీ! మీకోసం తలుపు తీసిపెట్టాను! రోచ్‌లు ఎవరూ ఆ గుమ్మం..."

"తెలుసులే. బొగ్గు వచ్చే తలుపు. నా గౌన్ అంచుకి బూడిద కూడా అంటింది, చూడు." ఆవిడ చూపించింది. "ముందునుంచి వస్తే మళ్లీ ముందునుంచే పోవాలి. నువ్వేమో నాకోసం కౌంటర్ పెట్టకుండా కూర్చుంటావు. నీ మొండితనం నాకు తెలీదా? మీ ఆవిడ ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ఇప్పుడు వెనకనుంచి వచ్చాను. ఇక వెనకనుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు పోతాను. నడిచీ పోతాను, పెట్టెలోనూ పోతాను."

"పెట్టె మలుపు తిరగదండీ" అన్నాడు ఫింటన్, కళ్లు తుడుచుకుంటూ.

"క్రిస్టీతో మాట్లాడాను. నిలబెట్టి దింపుతాట్ట."

క్రిస్టీ తలూపాడు. "కొలిచి చూశాను. నిలబెడితే సరిపోతుంది."

"బతికున్నన్నాళ్లూ ఎవరికీ వంగలేదు. పోయాక నిటారుగా దిగితే నాకేం నామోషీ?" అంటూ ఆవిడ వంగి, కాళ్లనుంచి జోళ్లు ఊడదీసి అతని చేతిలో పెట్టింది. "ఆస్పత్రి వరండాలో నర్సులు పొద్దస్తమానం నడిపించారు. మడమలు చూడు ఎలా అయ్యాయో. రేపటికి కావాలి. టెస్‌తో కలిసి టీ తాగడానికి వెళ్తున్నాను."

ఫింటన్ ఆ జోళ్లని తిప్పి చూశాడు. ఇన్నేళ్లలో ఆవిడ జోళ్లు అతని చేతికి రావడం అదే మొదటిసారి. నడవని మనిషికి మడమలు ఎక్కడ అరుగుతాయి?

"పొద్దున్నకల్లా ఇస్తానండి" అన్నాడు.